తల్లికి నీళ్ళు పోసే రోజు

రేణిగుంట దాటేదాకా రాహేలమ్మ తన తలతిరుగుడు ఓడ వల్లేననుకుంది. సిలోను నుంచి ధనుష్కోటికి ఓడలో వచ్చింది రెండు మూడు గంటలే. ఆ కాస్త దానికే కడుపులో పేగులన్నీ గొంతులోకొచ్చాయి. మద్రాసులో బండి మారేటప్పుడు కూడా నేల కాళ్ళ కింద ఊగుతూనే ఉంది. నేలమీద పడ్డాక ఒక రోజు అలాగే ఉంటుందని మిషను దొరసాని ముందే చెప్పింది. దొరసాని మాట ఇరవై ఏళ్ళలో తప్పింది లేదు గనక రాహేలమ్మ నమ్మింది. నమ్మి, మూడో తరగతి ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కడపలో ఎండ కిటికీలోంచి మోకాళ్ళమీద పడింది. మే నెల ఎండ. పెట్టెలో ఆడవాళ్ళంతా కొంగులతో విసురుకుంటూ ఉస్సురంటున్నారు. ఆమెకు మాత్రం చలి పుట్టింది. అప్పుడు తెలిసింది, ఇది ఓడ కాదని.

సంచిలోంచి దుప్పటి తీసి మెడదాకా కప్పుకుంది. కడపలో ఎక్కి ఎదురు బల్లమీద కూర్చున్న మనిషి అది చూసి ఊరుకోలేకపోయింది. ఆమె పేరు గిడ్డమ్మ. యాభై అయిదేళ్ళుంటాయి. కడపలో ఉన్న కూతురికి కాన్పు చేయించి ఊరికి పోతోంది. కాళ్ళదగ్గర మామిడికాయల గంప, చేతిలో కూజా.

"యాన్నుంచి వస్తాండావమ్మా?"

"సిలోను నుంచి."

"అది యాడుండాది?"

"సముద్రం అవతల. వేరే దేశమక్కా."

గిడ్డమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. బొట్టు లేని ముఖం, తెల్లచీర, మడమల దగ్గర అరిగిపోయిన చెప్పులు. సముద్రాలు దాటే మనిషి వాలకం ఇదేనా అన్నట్టు చూసి, "కూలికి పోయింటివా?" అంది.

"లేదు. ఊరికెనే. మూడు వారాలు ఉండి వస్తాండా."

"ఊరికెనే!" గిడ్డమ్మ పక్కామెను మోచేత్తో పొడిచింది. "ఇన్నావా మ్మే? ఊరికెనే సముద్రం దాటి పొయ్యొచ్చిందంట!"

పెట్టె పెట్టెంతా నవ్వింది. రాహేలమ్మ కూడా నవ్వింది గానీ ఆ నవ్వుకే తల పగిలిపోయేట్టుంది. వాళ్ళు నమ్మకపోవడంలో తప్పేముంది? ఆమె మాత్రం నమ్మిందా? ఇరవై ఏళ్ళుగా మిషనులో బైబిలు స్త్రీ పని. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని బయల్దేరడం, రోజుకో ఊరు తిరగడం, వీధుల్లో నిలబడి నాలుగు మంచిమాటలు చెప్పడం, విననివాళ్ళ చేత తిట్లు తిని, విన్నవాళ్ళ చేత నవ్వించుకుని, పొద్దుగూకేసరికి ఇల్లు చేరడం. దొరసాని పనిలోంచి విరమించి సొంత దేశానికి పోతూ, కొలంబోలో ఓడెక్కేముందు మూడు వారాలు సిలోను కొండలమీద ఉంటాను, నువ్వూ రా, నీ కాళ్ళకు సెలవు కావాలి అంది. చల్లని కొండ, మంచు, తేయాకు తోటలు. అంతా బాగానే ఉంది గానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో రాహేలమ్మకు తోచలేదు. దొరసాని చూడనప్పుడు వంటింట్లోకి పోయి గిన్నెలు తోమేది. వంటమనిషి బిడ్డకు ఒంటినిండా పొక్కులుంటే, వద్దన్నా వినకుండా ఎత్తుకుని ఆడించింది. సెలవు ఫలితం ఇదిగో, ఇప్పుడు పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

సంచిలో దొరసాని చివరిగా రాసిచ్చిన ఉత్తరం ఉంది. ప్రకాశం అయ్యగారికి, అంటే మిషను పాస్టరుగారికి. ఆడపిల్లల హాస్టలుకు ఈ ఏటి నుంచి రాహేలమ్మే మేట్రను. ఇక ఊళ్ళు తిరగనక్కర్లేదు. హాస్టలు చివర ఒక గది, గదికి ఒక కిటికీ, ఒక నులకమంచం. వచ్చే సోమవారం హాస్టలు తెరుస్తారు. ఈవేళ ఆదివారం. ఎనిమిది రోజులుంది, ఈలోపు ఏ జ్వరమైనా తగ్గకపోతుందా అనుకుని ఆమె కళ్ళు మూసుకుంది. ఆ నులకమంచమే కళ్ళలో మెదిలింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి మంచం మీద ఇంత ఆశ ఉంటుందని చెబితే ఎవరైనా నవ్వుతారు, కానీ నిజం.

గుంతకల్లులో బండి చాలాసేపు ఆగింది. గిడ్డమ్మ దిగి కూజాతో నీళ్ళు పట్టుకొచ్చి, "పాపం, నోరెండిపోయుంటాది, పట్టు" అని ఎత్తి పోసింది. రాహేలమ్మ వంగి దోసిలి పట్టింది. దుప్పటి జారింది. నీళ్ళ ధార ఉన్నట్టుండి ఆగిపోయింది.

మెడమీద, చెవి కింద, గుండ్రంగా నీళ్ళు నిండిన పొక్కులు.

గిడ్డమ్మ కూజా కింద పెట్టింది. కాళ్ళ చెప్పులు పక్కకు నెట్టింది. రెండు చేతులూ జోడించి, "తల్లీ!" అంది.

ఇక చూడాలి ఆ పెట్టెలో సందడి. బల్లమీద ఆనుకుని కూర్చున్న నలుగురూ ఒక్క దెబ్బన లేచి తలుపు దగ్గరకు పోయారు. పోయినవాళ్ళు పోయినచోటి నుంచే దండం పెట్టారు. దండాలూ ఆగలేదు, వెనక్కి జరగడమూ ఆగలేదు. ఎవరో టిక్కెట్టు కలెక్టరుకు చెప్పారు. ఆయన ప్లాట్‌ఫారం మీదే నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "వచ్చే స్టేషన్లో దిగిపోవాలమ్మా. అంటుజబ్బు మనిషి బండిలో ఉండరాదు. రూలు" అన్నాడు.

"ఇంకో రెండు స్టేషన్లే అయ్యా. మావాళ్ళు బండి కట్టుకుని వచ్చుంటారు. ఇది పెద్దమ్మవారు కాదు, ఆటలమ్మ. పొయ్యేముందు టీకా కూడా వేసినారు నాకు."

"నా చేతిలో లేదమ్మా" అన్నాడు ఆయన. నిజంగానే ఆయన చేతిలో లేదు, ముఖం చూస్తే తెలుస్తోంది.

గిడ్డమ్మకు కోపం వచ్చింది. "యాడికప్పా దించేది? ఆ స్టేషన్లో చెట్టు లేదు, నీడ లేదు. తల్లిని ఎండలో దించి నువ్వు ఇంటికి పోయి బువ్వ తింటావా? నేను దిగేది కూడా ఆన్నే. మా ఇంటికి పిలుసుకపోతా." తర్వాత రాహేలమ్మ వైపు తిరిగి, అంత గట్టి గొంతూ ఒక్కసారిగా తగ్గించుకుని అంది: "నా కండ్ల ఎదురుగ్గా వచ్చింది. ఇడిసిపెట్టి పోతే నా ఇంటిని ఇడుస్తాదా?"

అందులో దయ ఎంతో, భయం ఎంతో గిడ్డమ్మకే తెలియదు.

*

గిడ్డమ్మ కొడుకు పెద్ద ఈరన్న స్టేషనుకు బండి కట్టుకొచ్చాడు. తల్లి చెప్పింది విని మారుమాట్లాడకుండా చెప్పులు విడిచాడు, బండిలో జొన్నచొప్ప సర్ది పైన తన దుప్పటి పరిచాడు. వాళ్ళ ఊరు ముళ్ళదొడ్డి అక్కడికి మూడు మైళ్ళు. మూడు మైళ్ళూ ఆ మండే ఇసుకలో వట్టికాళ్ళతో ఎద్దుల పక్కనే నడిచాడు.

గడప దగ్గర రాహేలమ్మ ఆగింది. తూలుతోంది, అయినా ఆగింది.

"అక్కా, మీరు నా మాట వినాల. మేము కిరస్తానం వాళ్ళం. నేను ఊరిబయట గేరిలో, మీరు ముట్టని ఇంట్లో పుట్టినదాన్ని. నాకు ఈ అరుగు చాలు. ఇంత గంజి పోస్తే రెండు రోజులుండి పోతా."

గిడ్డమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగలేదంటే అబద్ధమవుతుంది. తర్వాత ఆ చెయ్యే వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఎవరి ఒంటిమీదికి రావల్లనేది తల్లి ఇష్టం. ఆయమ్మకు లేని పట్టింపు నాకెందుకు? లోపలికి రా."

ఇరవై ఏళ్ళలో ఇలాంటి ఇళ్ళు రాహేలమ్మ వందలు చూసింది. అన్నీ వీధిలోంచే. వాన పడుతుంటే కూడా చూరు కింద నిలబడనిచ్చేవాళ్ళు, అంతవరకే. ఇప్పుడు మిద్దె మధ్య పడసాలలో, స్తంభం పక్కన, వేపాకు పరిచి పైన పాత చీర మడత వేసి పడుకోబెట్టారు. తలవైపు వేపమండలు, కాళ్ళవైపు చెంబెడు పసుపునీళ్ళు. ఆరోజు నుంచీ ఆ ఇంట్లో తాలింపు లేదు, చింతపండు పులుసు లేదు. సంగటి, మజ్జిగ, అంతే. వేపమండతో విసురుతూ గిడ్డమ్మ పక్కనే కూర్చుంది. ఇదంతా వద్దని చెప్పాలి. ఇలాంటి ఇళ్ళముందు నిలబడి ఇరవై ఏళ్ళుగా ఆమె చెప్పింది అదే: ఇది సుంకులమ్మ కాదు, జబ్బు. మండలు తీసెయ్యండి, ఆస్పత్రికి పోండి. కానీ ఒళ్ళంతా మంట. ఆ వేపాకు చల్లగా ఉంది. చెప్పడానికి రేపు ఉందిలే అనుకుంది. అలసిపోయిన మనిషికి రేపనేది ఎంత సులువుగా దొరుకుతుందో.

రాత్రి ఎలా గడిచిందో ఎరగదు. మర్నాడు పొద్దెక్కాక, జ్వరం మధ్యలో ఒక శబ్దం ఆమెను లాగింది. గోడ అవతల గదిలో ఎవరో ఊపిరి తీస్తున్నారు. చిన్న ఊపిరి. గురగుర, గురగుర, ప్రతి ఊపిరికీ చివర ఒక మూలుగు. రాహేలమ్మకు ఆ మూలుగు బాగా తెలుసు. ఎన్ని ఇళ్ళలో విన్నదో, ఎన్ని ఇళ్ళలో మర్నాటికి ఆగిపోవడం విన్నదో.

మోచేతులమీద లేచింది. గోడ పట్టుకుని గది గడపదాకా పోయింది. ఈరన్న భార్య భీమక్క ఒళ్ళో తొమ్మిది నెలల పిల్లవాణ్ణి వేసుకుని కూర్చుంది. పిల్లవాడికి ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, పక్కటెముకలు లోపలికి పోయి బయటికొస్తున్నాయి. డొక్కలెగరేస్తున్నాడు. పొయ్యి దగ్గర పొరుగింటి ముసలామె మద్దమ్మ కొడవలి కొన నిప్పుల్లో పెట్టి తిప్పుతోంది. ఎర్రగా కాలాక ఆ డొక్కలమీద వాత పెట్టడానికి.

ఆ తర్వాత ఏం జరిగిందో రాహేలమ్మకు ముక్కలుముక్కలుగానే గుర్తుంది. జుట్టు ఊడి ముఖంమీద పడుతోంది. గొంతు తనది కాదన్నట్టుగా గరుకుగా వచ్చింది.

"ఒసే! పారెయ్యే ఆ కొడవలి! బిడ్డను కాలుస్తావా? ఎత్తుకోండే వాణ్ణి. పెద్దాస్పత్రికి ఎత్తుకపోండి. పొద్దు వాలకముందే పోవల్ల. పోతారా లేదా?"

ఇవే మాటలు. అక్షరం తేడా లేకుండా ఇవే మాటలు ఆమె ఎన్ని గడపల ముందు చెప్పింది! అక్కా అని చెప్పింది, అమ్మా అని చెప్పింది, చేతులు పట్టుకుని చెప్పింది. తలుపులు వేసుకున్నారు, కుక్కను ఉసిగొల్పారు, పోనీలే పాపం అని నవ్వారు. ఇప్పుడు మద్దమ్మ చేతిలోంచి కొడవలి ఠంగున రాలిపడింది. ఈరన్న ఎద్దుల దగ్గరకు పరుగెత్తాడు. భీమక్క పిల్లవాణ్ణి గుడ్డలో చుట్టి, ఎందుకని గానీ, ఎట్లాగని గానీ అడగకుండా బండెక్కింది. గిడ్డమ్మ నేలమీద సాగిలపడింది. బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా విని రాహేలమ్మ అక్కడే గడప మీద ఒరిగిపోయింది.

*

గురువారానికి జ్వరం దిగింది. పొక్కులు నల్లబడి ఎండసాగాయి. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే లోకం మళ్ళీ గట్టిగా కనిపించింది. ఈరన్న ఆస్పత్రి నుంచి మంగళవారమే వచ్చి చెప్పిన కబురు, గిడ్డమ్మ మళ్ళీ మళ్ళీ చెబుతోంది: పిల్లోనికి పూటకో సూది వేస్తాండారు, పాలు తాగుతాండాడు, డాక్టరు పది దినాలు కదలొద్దన్నాడు.

"ఎంత చల్లని మాట పలికినావు తల్లీ! నువ్వు పలక్కపోతే ఈ పొద్దు మా ఇంట్లో ఏడుపు."

అప్పుడే చెప్పెయ్యాలి. పలికింది నేనక్కా, రాహేలమ్మను, ఏ తల్లీ కాదు అనాలి. పిల్లవాడు ఆస్పత్రిలో ఉన్నాడు కదా, వచ్చాక చెబుదాం అనుకుంది. తనను తాను సమాధానపరచుకోవడానికి అది చాలింది గానీ, ఆ రాత్రి బైబిలు తెరిస్తే అక్షరాలమీద చూపు నిలవలేదు. పొద్దున్నుంచీ వీధిలోని ఆడవాళ్ళు వచ్చి గడప అవతల కూర్చుని పోతున్నారు. ఒకామె కోడలికి నొప్పులెప్పుడొస్తాయని అడిగింది. ఇంకొకామె తప్పిపోయిన గొర్రె సంగతి అడిగింది. రాహేలమ్మ నిద్ర నటించింది.

శుక్రవారం పొద్దున మిషను బండి వచ్చింది. ఈరన్న ఆస్పత్రి నుంచి వస్తూ మిషనులో కబురు చెప్పిపోయాడు. బండి తోలుకొచ్చింది సంఘపెద్ద దాసన్న. తెల్లని తలపాగా, చేతికర్ర, నిండు మనిషి. వాకిట్లోనే నిలబడి, లోపలికి తొంగి చూసి, వేపమండలు చూసి, ముఖం చిట్లించాడు.

"ఎట్లుండావమ్మా రాహేలమ్మా? మొన్ననే వద్దామంటే అయ్యగారు ఆగమన్నారు. చిన్నపిల్లలుండే కాంపౌండు కదా, పొక్కులు ఎండినాక తెమ్మన్నారు." కాస్త తడబడ్డాడు ఆ మాట చెప్పడానికి. "దొరసానమ్మ ఉత్తరం సంగతి మాకు తెలుసు. గది సున్నం కొట్టించినాం. మంచం వేయించినాం. సోమవారానికి నువ్వుండాల. నువ్వు లేకపోతే జీవమ్మను పెడదామంటాండారు కొంతమంది. అందుకే నేనే వచ్చినా."

మంచం వేయించినాం. ఆ మాటకు రాహేలమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంచి దగ్గరకు లాక్కుంది. దుప్పటి మడత పెట్టింది. పొయ్యి మీద పెద్ద గంగాళంలో వేపాకు నీళ్ళు కాగుతున్నాయి. పొక్కులు ఎండాక ఆ నీళ్ళు పోసి, పసుపు రాసి, తల్లిని సాగనంపుతారు. పోసుకుని బండెక్కితే సాయంత్రానికి ఇల్లు.

పెరట్లో ఈరన్న ఎద్దుల మెడమీద కాడి వేస్తున్నాడు.

"నీ కొడుకు యాడికి పోతాండాడక్కా?"

"ఆస్పత్రికి. భీమక్కనూ పిల్లోన్నీ పిలుసుకొస్తాడు."

దుప్పటి మడత చేతిలోనే ఉండిపోయింది. "ఇప్పుడేనా? డాక్టరు పది రోజులన్నాడు కదా. నాలుగే అయినాయి."

"నీళ్ళు పోసే పొద్దు ఇంట్లో వాళ్ళంతా ఉండల్ల తల్లీ. ఒక్కరు లేకున్నా తల్లి అలిగి పోతాది. పొద్దు వాలేలోగా వచ్చేస్తారు. వాళ్ళు వస్తానే నీళ్ళు పోసి పంపిస్తా నిన్ను."

"వద్దక్కా. ఇప్పుడు తెస్తే మళ్ళీ తిరగబెడతాది. ఆ సూదులు మధ్యలో ఆపకూడదు. నేను ఎంతమందిని చూసినానో! పాలు తాగినాడు కదా అని తెచ్చుకున్నారు, మూడోనాడు పోయినారు."

గిడ్డమ్మ విసురుతున్న మండ ఆపి ఆమె ముఖంలోకి చూసింది. కళ్ళజోడు, ముడి వేసిన జుట్టు, ఒళ్ళో నల్లట్ట పుస్తకం. చూసి, నెమ్మదిగా, మర్యాదగానే అంది: "అది నువ్వు చెప్పే మాటమ్మా. నీ మంచితనం. తల్లి మాట కాదు గదా."

"అయితే నాకు నీళ్ళు పోయకుండానే పంపెయ్. ఇట్లనే పోతా."

"అయ్యో! ఇంగేమన్నా ఉండాదా? నీళ్ళు పోయకుండా పంపిస్తే ఇంట్లో ఒక్కరు మిగలరు."

దాసన్న ఇక ఊరుకోలేకపోయాడు. వాకిట్లోంచే గొంతు సవరించుకుని, జబ్బులు దేవతల వల్ల రావనీ, చేత్తో చేసిన వాటికి మొక్కడం పాపమనీ, ఆదివారం ప్రసంగం చేసినట్టు చెప్పాడు. మంచి మాటలే. రాహేలమ్మ స్వయంగా వెయ్యిసార్లు చెప్పిన మాటలు. అవి గిడ్డమ్మ ముఖంమీద ఎలా పడుతున్నాయో మాత్రం లోపలి నుంచి చూడటం ఇదే మొదటిసారి. గిడ్డమ్మ ముఖం ముడుచుకుంది, పెదవులు బిగిశాయి. "ఈరా! ఇంగా కట్టలేదా బండి? బిరీన పో!" అని కేకేసింది.

రాహేలమ్మకు విపరీతమైన అలసట వచ్చింది. జ్వరంలో కూడా అంత అలసట లేదు. తాను నీళ్ళు పోసుకుని బండెక్కాలంటే పిల్లవాణ్ణి ఇంటికి తెస్తారు. ఎక్కనని కూర్చున్నా, ఆ సంగతి వీళ్ళకు తెలిసేలోపు ఈరన్న ఊరు దాటుతాడు. ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆమెకు తెలుసు. ఆ మాట ఎలా పలుకుతారో కూడా తెలుసు. ఇరవై ఏళ్ళు జాతరలనాడు వీధి పక్కన నిలబడి చూసిందే కదా. సోమవారం ఆమెకు తెలివి లేదు, అది దేవుడు క్షమిస్తాడు. ఇప్పుడు తెలివుంది. ఎదురుగా సంఘపెద్ద ఉన్నాడు. దేవుడు కూడా ఉన్నాడు.

కాడి పలుపులు బిగించిన చప్పుడయింది.

రాహేలమ్మ కళ్ళజోడు తీసి పుస్తకం మీద పెట్టింది. రెండూ కలిపి దుప్పటి కిందికి తోసింది. ముడి విప్పింది. తలవైపున్న వేపమండ ఒకటి లాగి గుప్పిట పట్టింది. పూనకంలో ఊపినట్టు ఊపింది.

"ఏమే గిడ్డీ!"

గిడ్డమ్మ ఉలిక్కిపడింది. ఈ అయిదు రోజుల్లో ఆమెను అక్కా అని తప్ప పిలవని మనిషి.

"నన్ను తరమాలని చూస్తాండావా? నీళ్ళు కాగబెట్టమని నేను చెప్పినానా?"

"తల్లీ..."

"నేను ఇంగా పోల్యా. ఇంగా ఆరు పొద్దులుంటా. నేను పంపిన బిడ్డ నేను చెప్పిందాకా ఆన్నే ఉండల్ల. కదిలించినావంటే..."

ఆ మాట ఆమెకు పూర్తి చెయ్యబుద్ధి కాలేదు. పూర్తి చెయ్యాల్సిన అవసరమూ రాలేదు. మిగతాది గిడ్డమ్మ కళ్ళలోనే కనిపించింది. "తప్పయింది తల్లీ, తప్పయింది" అంటూ ఆమె లెంపలేసుకుంది. పెరట్లోకి పరుగెత్తి, "ఈరా, ఇప్పు బండి! యాడికీ పోవద్దు!" అని అరిచింది. వచ్చి కొంగుతో పట్టుకుని గంగాళాన్ని పొయ్యిమీంచి దించేసింది.

వాకిట్లో దాసన్న గడపవైపు ఒక అడుగు వేశాడు.

"రాహేలమ్మా!" అన్నాడు.

ఆమె అటు తిరగలేదు.

"రాహేలమ్మా, ఏం మాటలమ్మా ఇవి? ఎవరి పేరుతో మాట్లాడతాండావు నువ్వు? ఇరవై ఏండ్లు..." ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువుంది. అది తెలిసి ఆమెకు గుండె కోసినట్టయింది. "లేచి రామ్మా. నేను ఏమీ విననట్టే ఉంటా. బండెక్కు. రాహేలమ్మా!"

తిరిగి చూస్తే, ఆ పేరుకు పలికితే, అయిపోయింది. పెరట్లో ఎద్దుల మెడమీద కాడి ఇంకా దించలేదు. ఆమె స్తంభం వైపే చూస్తూ కూర్చుంది. చెంపలమీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

గిడ్డమ్మే గడప దగ్గరకు పోయింది. "ఆ పేరు పెట్టి పిలవొద్దప్పా" అంది మెల్లగా, కోపం లేకుండా. "ఆయమ్మ ఇప్పుడు ఈడ లేదు. ఆరు దినాలు పోయినాక రా."

"ఆరు దినాలకు సోమవారం దాటిపోతాదమ్మా" అన్నాడు దాసన్న, ఎవరితోనో తెలియకుండా. "నేను చూసింది చూసినట్టు అయ్యగారికి చెప్పాల్సినవాణ్ణి. చెప్పకుండా ఉండలేను." తలపాగా తీసి ముఖం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకుని, బండెక్కాడు. ఖాళీ బండి తేలిగ్గా, గబగబా పోయింది.

సంఘంలో ఏం చెప్పుకుంటారో రాహేలమ్మకు తెలుసు. సోమవారం ఆ గదిలో జీవమ్మ పెట్టె పెడతారు. తనకు ఊళ్ళు తిరిగే ఆ సంచి కూడా మిగులుతుందో లేదో. సిలోనులో దొరసాని ఓడెక్కుతూ చెయ్యి ఊపుతుంటే కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. కానీ పెరట్లో కాడి దించిన చప్పుడు విన్నాక, ఎద్దులు మేత నములుతున్న చప్పుడు విన్నాక, లోపల ఏదో ఒకటి కుదుటపడింది. అది తప్పో ఒప్పో ఆమెకు తెలియదు. పిల్లవాడు ఈ రాత్రి కూడా ఆస్పత్రిలోనే పడుకుంటాడు, అదొక్కటే తెలుసు.

గిడ్డమ్మ చల్లటి అంబలి తెచ్చి, ఇదివరకటికన్నా దూరంగా పెట్టి, వెనక్కి తగ్గి నిలబడింది. ఇన్నాళ్ళూ మాటల్లో అప్పుడప్పుడూ దొర్లిన 'అమ్మా', 'పాపం' అన్నీ పోయాయి. ఇంకా ఆరు రోజులు ఈ ఇంట్లో ఆమెతో మనిషిగా మాట్లాడేవాళ్ళుండరు.

రాహేలమ్మ అంబలి సగం తాగి పక్కన పెట్టింది. గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసుకోవాలి. ఎలా మొదలుపెట్టాలో చాలాసేపు తెలియలేదు. చివరికి, ప్రభువా, అని మొదలుపెట్టింది, శబ్దం బయటికి రాకుండా, పెదవుల్లోనే.

గడప అవతల కూర్చున్న మద్దమ్మ ఆ పెదవులు కదలడం చూసింది. గబుక్కున లేచి, పక్కనున్న వాళ్ళను సైగతో లేపి, కొంగు మెడచుట్టూ తిప్పుకుని, రెండు చేతులూ జోడించి నిలబడింది.